69 కమారోకి వెనక 275 టైర్లు వేశాను, ఎడమవైపు మడ్‌గార్డుకి రాసుకుంటోంది. ఏం చేయాలి?

కమారో_కృష్ణ
నాది 1969 షెవర్లే కమారో కారు. 350 ఇంజన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, 3.31 డిఫరెన్షియల్. ఉండేది డాలస్ దగ్గర. నాలుగేళ్లు దానిమీదే పడి పనిచేసి రోడ్డెక్కించాను. ముందు 15x7 రిమ్ముల (7 అంగుళాల వెడల్పు) మీద 235/60R15 టైర్లు (235 మిల్లీమీటర్ల వెడల్పు) ఉన్నాయి. వెనక కూడా మొన్నటిదాకా అవే. వెనకనుంచి చూస్తే కారు బక్కగా కనిపించేది. ఎప్పటినుంచో మనసులో ఉన్న కోరిక, వెనక టైరు మడ్‌గార్డు నిండా ఉండాలని.

పోయిన నెల 15x8 రిమ్ములు, 275/60R15 టైర్లు కొన్నాను. రిమ్ము బ్యాక్‌స్పేసింగ్ 4 అంగుళాలు. షాపులో "కమారోకి సరిపోతాయి" అన్నారు. బిగించాక చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఒక్కడినే నడిపినంతసేపూ ఏ సమస్యా లేదు.

మొన్న ఆదివారం అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరునుంచి వచ్చారని అందరినీ ఎక్కించుకుని గుడికి బయల్దేరాను. స్పీడ్‌బ్రేకర్ దిగిన ప్రతిసారీ ఎడమవైపు వెనక బర్రుమని శబ్దం. పార్కింగ్‌లో దిగి చూస్తే టైరు బయటి అంచు చుట్టూ గీత పడి ఉంది, రబ్బరు మెరుస్తోంది. కుడివైపు ఏమీ లేదు. రెండు వైపులా ఒకటే రిమ్ము, ఒకటే టైరు కదా, ఎడమవైపే ఎందుకు? టైరు మార్చాలా, రిమ్ము మార్చాలా, మడ్‌గార్డు అంచు మడతపెట్టించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్
ముందుగా ఒక మాట. అంచు తగులుతూ ఉంటే దాన్ని నడపకండి. ఆ పల్చటి రేకు టైరు పక్కగోడని కత్తిలా కోస్తుంది. పక్కగోడ తెగితే పంక్చర్ వేయించుకుని పోయే పని కాదు, టైరు పేలుతుంది.

వీ8_వాసు
సింపుల్ అన్నా. ఒక పావు అంగుళం స్పేసర్ పెట్టు, అయిపోతుంది.

కొలతపట్టీ
వాసు, స్పేసర్ పెడితే చక్రం ఇంకా బయటికి వస్తుంది. ఆయనకి తగులుతున్నది బయటివైపే. లోపలివైపు తగిలినప్పుడు పనికొచ్చే మందు అది.

వీ8_వాసు
అవును, సరిగా చదవలేదు. నాది లోపల కమాన్ పట్టీలకి తగిలింది, అందుకే అదే నోట్లోకి వచ్చింది.

హ్యూస్టన్_పెద్దాయన
1988నుంచి ఈ కార్లతోనే నా కాపురం. మా రోజుల్లో ఈ సమస్యకి ఎయిర్ షాకులు (గాలి నింపే షాక్ అబ్జార్బర్లు) వేసేవాళ్లం. గాలి కొడితే కారు వెనక భాగం లేస్తుంది, టైరు మడ్‌గార్డు కిందకి వచ్చేస్తుంది, తగలదు. అప్పట్లో వీధిలో ఏ కమారో చూసినా తోక పైకెత్తుకునే ఉండేది.

కొలతపట్టీ
పెద్దాయన గారూ, ఆ ఫ్యాషన్ నాకూ తెలుసు, ఫొటోల్లో చూశాను. కానీ ఆ కార్లలో షాకు పైన బిగించే చోటు కారు బరువు మోయడానికి చేసింది కాదు. బరువంతా స్ప్రింగులు మోయాలి, షాకు ఊపుని ఆపాలి అంతే. ఎయిర్ షాకుతో ఎత్తితే ఆ బరువు రేకు మీద పడి పగుళ్లు వస్తాయి. పైగా పెద్ద గుంత వస్తే టైరు ఎలాగూ పైకి వెళ్తుంది, మళ్లీ తగులుతుంది.

హ్యూస్టన్_పెద్దాయన
పగుళ్ల మాట నిజమే. నా 72 నోవాకి షాకు బిగించిన చోట రెండుసార్లు వెల్డింగ్ చేయించాను. ఒప్పుకుంటున్నాను.

కొలతపట్టీ
కృష్ణ గారూ, ఇప్పుడు లెక్క చూద్దాం. నేను మిషిగన్‌లో చక్రాల డిజైన్ పనిలోనే ఉన్నాను, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

8 అంగుళాల రిమ్ము అంటే టైరు కూర్చునే చోటు 8 అంగుళాలు. బయటి అంచులు కూడా కలిపితే మొత్తం వెడల్పు సుమారు 9. అంటే రిమ్ము నడుమ లోపలి అంచునుంచి 4.5 దగ్గర ఉంటుంది. బ్యాక్‌స్పేసింగ్ అంటే లోపలి అంచునుంచి డ్రమ్ముకి ఆనే చోటుదాకా ఉన్న దూరం. మీది 4. అంటే మీ చక్రం నడుమ డ్రమ్ము ముఖంకంటే అర అంగుళం బయట ఉంది.

ఇక టైరు. 275 మిల్లీమీటర్లు అంటే లెక్క ప్రకారం 10.8 అంగుళాలు. నిజంగా కొలిస్తే 11 దాకా ఉంటుంది, టైరు కంపెనీలు తమ పట్టికలో అసలు వెడల్పు విడిగా ఇస్తాయి, అదే నమ్మండి. 11లో సగం 5.5. దానికి ఆ అర అంగుళం కలపండి. డ్రమ్ము ముఖంనుంచి బయటికి 6 అంగుళాలు, లోపలికి 5. మీ కారులో బయటివైపు 6 అంగుళాల చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న. అది మీరు కొలిస్తే తప్ప ఇక్కడ ఎవరూ చెప్పలేరు.

కొలిచే పద్ధతి: కారుని జాకీ మీద ఎత్తి స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టండి, బాడీ కింద కాదు. బాడీ కింద పెడితే యాక్సిల్ కిందకి వేలాడి కొలత తప్పుతుంది. చక్రం తీసి డ్రమ్ము ముఖానికి ఒక పొడవాటి లెవెల్ బద్ద నిలువుగా ఆనించండి. దానినుంచి మడ్‌గార్డు లోపలి అంచుకి ఎంత, లోపలివైపు లీఫ్ స్ప్రింగుకి ఎంత, వీల్‌హౌస్ (చక్రం తిరిగే గూడు) గోడకి ఎంత, మూడూ రాసుకోండి. రెండు వైపులా కొలవండి. ఎడమ కొలిచి కుడి కూడా అంతేలే అనుకోవద్దు.

సెయింట్‌లూయిస్_శ్రీను
రెండు వైపులా కొలవమన్నది బంగారం లాంటి మాట. నా 68లో ఒకవైపుకి ఇంకోవైపుకి తేడా ఉంది. ఆ కాలం కార్లు చాలావాటిలో వెనక యాక్సిల్ బాడీకి సరిగ్గా నడిమధ్యలో ఉండదు. సన్నటి పాతరకం బయాస్ ప్లై టైర్లు వేసుకునే రోజుల్లో ఆ తేడా ఎవరికీ కనిపించేది కాదు.

షెవెల్_చిట్టిబాబు
నా 70 షెవెల్‌లో 275/60R15 గోదారి గట్టు మీద నడిచినట్టు హాయిగా పడుతుంది. షెవెల్ వీల్‌వెల్ పెద్దది. కమారోవాళ్లని చూస్తే జాలేస్తుంది.

తెనాలి_టెక్
మడ్‌గార్డు అంచు మడతపెట్టించడం గురించి అడిగారు కదా, నా అనుభవం చెప్తాను. నా 69కి చేయించాను, ఎక్కడో పేరు చెప్పను. అంచు మడిచే పరికరాన్ని హబ్‌కి బిగించి రోలర్‌తో నెమ్మదిగా ఒత్తుతారు. ముందు హీట్ గన్‌తో పెయింటుని వెచ్చబెట్టాలి. వాళ్లు వేడి చేయకుండా ఒక్కసారే ఒత్తేశారు. పెయింటు పగిలింది. అంతటితో అయితే పర్లేదు, కింద లప్పం ముద్ద ముద్దగా ఊడి నేలమీద పడింది. పాత ఓనరు తుప్పు పట్టిన చోట రేకు మార్చకుండా లప్పంతో పూడ్చాడని అప్పుడు తెలిసింది. క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే బాడీ రేకు) మొత్తం మార్పించాల్సి వచ్చింది.

కాబట్టి ముందు ఒక అయస్కాంతం తీసుకోండి. గీతలు పడకుండా పల్చటి గుడ్డలో చుట్టి ఆ అంచు చుట్టూ ఆనించి చూడండి. గట్టిగా లాగితే రేకు. జారిపోతే లప్పం.

రాత్రిషిఫ్ట్
ఇంకోటి. కొందరు ఆ అంచుని మడవకుండా గ్రైండర్‌తో కోసేస్తారు. ఆ పని అస్సలు చేయకండి. బయటి ప్యానెల్, లోపలి వీల్‌హౌస్ ఆ అంచు దగ్గరే స్పాట్ వెల్డులతో కలిసి ఉంటాయి. కోస్తే వెల్డులు పోతాయి, రెండు రేకులూ విడిపోతాయి, మధ్యలోకి నీళ్లు దిగి తుప్పు మొదలవుతుంది.

కాంటెస్సా_క్లాసిక్
హైదరాబాద్‌నుంచి. నా దగ్గర 1.8 ఇసుజు ఇంజన్ కాంటెస్సా ఉంది. మన దేశంలో దొరికే మజిల్ కారు అదొక్కటే అని నా నమ్మకం. దీనికీ వెనక వెడల్పు టైర్లు వేయొచ్చా?

సెయింట్‌లూయిస్_శ్రీను
కొలిచే పద్ధతి ఏ కారుకైనా ఒకటే అన్నా. కానీ మీకు అక్కడ ఇంకో సంగతి ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. టైరు బాడీ బయటికి పొడుచుకొస్తే ఆర్టీఓ, ఇన్సూరెన్సు రెండు చోట్లా ఇబ్బంది. బాడీ లోపల ఉండేలా చూసుకోండి.

కాంటెస్సా_క్లాసిక్
థ్యాంక్స్ అన్నా. ఈ ఆదివారం లెవెల్ బద్ద పట్టుకుని కూర్చుంటాను.

కమారో_కృష్ణ
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక గ్యారేజీలోకి దిగాను. మాధవి గారు చెప్పినట్టే కొలిచాను. (కొలతపట్టీ అంటే మాధవి గారే, పాత చర్చలో పేరు చెప్పారు.)

మడ్‌గార్డు అంచుదాకా: ఎడమ 5 3/4, కుడి 6 1/8.
లీఫ్ స్ప్రింగుదాకా: ఎడమ 6 1/8, కుడి 6 1/8. వీల్‌హౌస్ గోడ ఇంకా దూరంగానే ఉంది.

అయస్కాంతం కూడా పెట్టి చూశాను. కుడివైపు టక్కున అతుక్కుంది. ఎడమవైపు కింద జానెడు మేర జారిపోతోంది. గుండె జారిపోయింది నాకు. నాలుగేళ్లు పనిచేసి, పెయింటు వేయించి, అది కనిపెట్టలేకపోయాను.

తెనాలి_టెక్
బాధపడకండి. తెలిసింది కదా, అదే మేలు. అయితే అంచు మడత ఆలోచన మానేయండి.

వీ8_వాసు
అంటే ఎడమ ప్యానెల్ వంకరగా అతికించారా? లేక యాక్సిల్ ఎడమకి జరిగిందా? ప్యానెల్ తేడానే అని నా అనుమానం. లప్పం ఉందంటే అక్కడ ఎప్పుడో దెబ్బ తగిలినట్టే కదా.

కొలతపట్టీ
మంచి ప్రశ్న వాసు. కొలతల్లో ఒక సంగతి ఉంది చూడండి. స్ప్రింగుకి దూరం రెండు వైపులా ఒకటే. అది ఎప్పుడూ అలాగే ఉంటుంది, ఎందుకంటే యాక్సిల్ ఆ స్ప్రింగుల మీదే యూ బోల్టులతో బిగించి ఉంటుంది. యాక్సిల్ పక్కకి జరిగితే స్ప్రింగులు కూడా దాంతోపాటే జరుగుతాయి. అందుకే స్ప్రింగుని చూసి యాక్సిల్ నడుమ ఉందో లేదో చెప్పలేం. బాడీకి అతుక్కున్న దేనినైనా తీసుకోవాలి. కృష్ణ గారూ, కారు కింద ఫ్రేమ్ రైలు ఉంటుంది కదా, దానినుంచి డ్రమ్ము ముఖందాకా రెండు వైపులా కొలవండి. తేడా వస్తే యాక్సిల్. రాకపోతే ప్యానెల్.

కమారో_కృష్ణ
కొలిచాను. ఎడమవైపు కుడికంటే 3/8 ఎక్కువ. అంటే యాక్సిల్ 3/8 జరిగిందన్నమాట.

కొలతపట్టీ
కాదు, అందులో సగమే. యాక్సిల్ ఎడమకి ఎంత జరిగితే ఎడమవైపు అంత పెరుగుతుంది, కుడివైపు అంతే తగ్గుతుంది. తేడా 3/8 అయితే జరిగింది 3/16. మీ మడ్‌గార్డు కొలతల్లో కూడా తేడా సరిగ్గా 3/8 వచ్చింది చూడండి. రెండూ కలిశాయి కాబట్టి దోషం యాక్సిల్‌దే. లప్పం ఉన్నా ప్యానెల్ దాని చోటులోనే ఉంది.

హ్యూస్టన్_పెద్దాయన
3/16 అంటే మూడు వీసాలు. మా నాన్న కట్టె కోసేటప్పుడు ఈ లెక్కలే నోటితో చెప్పేవారు. కృష్ణా, స్ప్రింగు ముందు కన్ను దగ్గర, వెనక షాకిల్ (స్ప్రింగుని బాడీకి పట్టి ఉంచే కీలు) దగ్గర రబ్బరు బుష్షులు చూశావా? యాభై ఏళ్ల రబ్బరు అయితే పిండిలా రాలిపోతుంది. అప్పుడు యాక్సిల్ తనకి నచ్చినవైపు కూర్చుంటుంది. మలుపులో ఇంకా పక్కకి ఊగుతుంది.

కమారో_కృష్ణ
పెద్దాయన గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. టార్చి వేసి చూస్తే ఎడమ వెనక షాకిల్ బుష్షు సగమే ఉంది. స్క్రూడ్రైవర్‌తో తాకితే పొడి రాలింది. ఇంజన్ మొత్తం విప్పి బిగించాను కానీ వీటిని ముట్టుకోలేదు.

సెయింట్‌లూయిస్_శ్రీను
కొత్తవి వేయండి. బిగించేటప్పుడు ఒక జాగ్రత్త: రబ్బరు బుష్షులైతే చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఇవ్వాలి. గాల్లో ఉండగా బిగిస్తే కిందకి దించాక రబ్బరు మెలిపడి తొందరగా చీలుతుంది. పాలీయూరితేన్ అయితే గ్రీజు బాగా రాయండి, లేకపోతే కీచుమంటాయి. యూ బోల్టులు వదులు చేసిన తర్వాత యాక్సిల్‌ని నడుమకి తెచ్చి చూసుకుని బిగించండి, కాస్తో కూస్తో సర్దుబాటు దొరుకుతుంది.

షెవెల్_చిట్టిబాబు
బుష్షులు మార్చాక 275 పడుతుందా?

కొలతపట్టీ
యాక్సిల్ నడుమకి వస్తే రెండు వైపులా సుమారు 5 15/16. ఈ రిమ్ముతో టైరు 6 అంగుళాలు బయటికి వస్తుంది. కాబట్టి ఈ రిమ్ముతో పడదు. బుష్షుల తప్పు ఉంది, కానీ అసలు తప్పు బ్యాక్‌స్పేసింగ్‌ది.

4.5 బ్యాక్‌స్పేసింగ్ రిమ్ము తీసుకుంటే 275 బయటికి 5.5, లోపలికి 5.5. బయట మిగిలేది అర అంగుళంకంటే తక్కువ. 255/60R15 అయితే 8 అంగుళాల రిమ్ము మీద వెడల్పు 10.2 దాకా వస్తుంది, సగం 5.1. బయట ముప్పావు అంగుళంపైన మిగులుతుంది.

లోపలివైపు స్ప్రింగుకి 3/8 అంగుళమే ఖాళీ ఉన్నా నాకు భయం లేదు, చక్రం, స్ప్రింగు కలిసే కదులుతాయి. బయటి అంచు అలా కాదు, బాడీ ఒకలా, యాక్సిల్ ఇంకోలా కదులుతుంటాయి. అక్కడ కనీసం అర అంగుళం, వెనక సీట్లో మనుషులు కూర్చునే కారైతే ఇంకొంచెం ఎక్కువే ఉండాలని నా అభిప్రాయం.

వీ8_వాసు
నేను ఒప్పుకోను. 4.5 రిమ్ముతో 275 వేసి తిరుగుతున్న 69లు నేను కళ్లారా చూశాను. ఆయనకి 275 అంటే ఇష్టం, వేసుకోనివ్వండి.

తెనాలి_టెక్
వాసూ, వాటిలో చాలావాటికి అంచు మడిచి ఉంటుంది. కృష్ణ గారి ఎడమ అంచులో లప్పం ఉంది. ఆ కార్లూ ఈ కారూ ఒకటి కావు.

రాత్రిషిఫ్ట్
275/60R15 ఎత్తు 28 అంగుళాలు, 235/60R15 ఎత్తు 26.1. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే నిజంగా 64 దాటి వెళ్తున్నట్టు. డిఫరెన్షియల్‌లోని 3.31 గేరు కూడా దాదాపు 3.08లా పనిచేస్తుంది, సిగ్నల్ దగ్గర లాగుడు తగ్గుతుంది. 255 అయితే ఎత్తు 27, తేడా చాలా తక్కువ.

కమారో_కృష్ణ
మూడు రోజులు ఆలోచించాను. 275 వదులుకోవడం నిజంగా బాధే. కానీ వెనక సీట్లో కూర్చునేది మా పిల్లలు. 4.5 బ్యాక్‌స్పేసింగ్ 15x8 రిమ్ములు, 255/60R15 ఆర్డరు పెట్టాను. బుష్షుల కిట్ వచ్చేసింది. పాత రిమ్ములు, టైర్లు షాపువాళ్లు వాపసు తీసుకోం అంటున్నారు, ఒకసారి బిగించినవి కదా. 200 మైళ్లు కూడా తిరగలేదు.

షెవెల్_చిట్టిబాబు
కృష్ణా, ఆ 275లు, రిమ్ములు నాకు ఇచ్చేయండి. షెవెల్‌కి కూడా అదే 5x4.75 బోల్టు వరస, 4 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ నా కారుకి సరిగ్గా సరిపోతుంది, నేను కొలిచే చెప్తున్నాను. ఎడమ టైరు మీద పడ్డ గీత ఎంత లోతు? దారాలు కనిపిస్తుంటే మాత్రం ఆ ఒక్కటీ వద్దు.

కమారో_కృష్ణ
పైపైన మెరుపే, దారాలు కనిపించట్లేదు. ఫొటో పంపిస్తాను. అయినా మీరు దగ్గరుండి చూసుకునే తీసుకోండి. రాసుకున్న టైరు అని మీకు చెప్పకుండా ఇవ్వను.

హ్యూస్టన్_పెద్దాయన
టైరు తయారీ తేదీ కూడా చూసుకో చిట్టిబాబూ. డాట్ అని ఉన్న వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదైతే పనికిరాదు.

కమారో_కృష్ణ
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. బుష్షులన్నీ మార్చాను. పాత ముందు బోల్టు తుప్పుతో బిగుసుకుపోయి ఒక రోజంతా తినేసింది. ఇప్పుడు ఎడమ 5 7/8, కుడి 6. కొత్త రిమ్ములు, 255లు బిగించాను. 50 మైళ్లు తిరిగి నట్లు మళ్లీ టార్క్ పానాతో బిగించాను.

తర్వాత పరీక్ష. ఇండియన్ స్టోరునుంచి సోనామసూరి బస్తాలు తెచ్చాను, ఒక్కోటి 20 పౌండ్లు. డిక్కీలో ఆరు, వెనక సీట్లో పది పెట్టాను, మొత్తం 320 పౌండ్లు. మడ్‌గార్డు అంచు లోపల చుట్టూ సుద్ద పూసి అదే స్పీడ్‌బ్రేకర్ మీద నాలుగుసార్లు, కాలనీ వెనక ఉన్న గుండ్రటి మలుపులో రెండు వైపులా తిరిగాను. ఇంటికొచ్చి చూస్తే టైరు మీద సుద్ద చుక్క కూడా లేదు.

కొలతపట్టీ
చాలా సంతోషం. ఫుల్ ట్యాంకు పెట్రోలుతో చేశారా?

కమారో_కృష్ణ
ఫుల్ ట్యాంకే. నింపుకుని మరీ వెళ్లాను.

వీ8_వాసు
ఫొటో చూశాను అన్నా. 255తో కూడా వెనకనుంచి నిండుగానే ఉంది. నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రాత్రిషిఫ్ట్
స్పీడోమీటరు?

కమారో_కృష్ణ
ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని చూశాను. కారు 60 చూపిస్తే ఫోన్‌లో 62. గేర్‌బాక్సు తోకలో ఉండే ప్లాస్టిక్ గేరుని ఒక పన్ను తక్కువ ఉన్నదానితో మారిస్తే సరిపోతుందంటున్నారు, చలికాలంలో చేస్తాను. ఈ శనివారం అత్తయ్యగారి వాళ్లని మళ్లీ గుడికి తీసుకెళ్తున్నాను. చిట్టిబాబు గారూ, మీరు ఆదివారం రండి, రిమ్ములు గ్యారేజీలోనే ఉన్నాయి.

షెవెల్_చిట్టిబాబు
ఆదివారం పదింటికల్లా మీ ఇంటి దగ్గర ఉంటాను. ఆ బియ్యం బస్తాలు అన్నీ మీకే కావాలా? రెండు నాకు ఇవ్వండి, రిమ్ములతోపాటే డబ్బు ఇస్తాను.